మీటరు చూపించని విషం: కోల్‌కతా నీళ్ళు, మన ఇళ్ళలో ఫిల్టర్లు

(మార్చి 20, మహద్ దినం సందర్భంగా కోల్‌కతాలో తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు, కార్మిక కుటుంబాలు కలుసుకున్న సభలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



1927లో ఇదే రోజున బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలాది మందితో నడిచి వెళ్ళి మహద్‌లోని చౌదార్ చెరువు నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగారు. ఏటా మనం ఆ సంగతి చెప్పుకుంటాం. ఈసారి సభ పెట్టిన అన్నలు నాతో ఒక మాట అన్నారు. "మహద్ గురించి చాలామంది చెప్తారు. నువ్వు మనం ఇక్కడ రోజూ తాగుతున్న నీళ్ళ గురించి చెప్పు. ఏ ఫిల్టరు కొనాలో కూడా చెప్పు" అన్నారు. నా దృష్టిలో ఈ రెండూ ఒకటే విషయం. అందుకే రెండూ కలిపి మాట్లాడతాను.

ముందు మహద్‌లో మనం తరచుగా దాటేసి పోయే ఒక వివరం. ఆ చెరువు మీద మనకు హక్కు కాగితం మీద అప్పటికే ఉంది. 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది, 1924లో మహద్ మునిసిపాలిటీ దాన్ని ఒప్పుకుంది. అయినా ఎవరూ దిగనివ్వలేదు. మనవాళ్ళు దిగి తాగి వెళ్ళాక ఏం చేశారు? చెరువు మైలపడిందన్నారు. ఆవు పేడ, ఆవు పంచితం, పాలు, పెరుగు కలిపి 108 కుండల్లో పోసి, మంత్రాలు చదివి చెరువులో గుమ్మరించారు. అప్పుడు నీళ్ళు శుద్ధి అయ్యాయన్నారు.

ఒక్క క్షణం ల్యాబులో పనిచేసే మనిషిలా ఆలోచించండి. మనుషులు దోసిళ్ళతో తాగితే నీళ్ళకు ఏమీ కాలేదు. పేడ కలిపితే మాత్రం బ్యాక్టీరియా చేరింది. కలుషితం చేసే పనిని శుద్ధి అన్నారు, శుద్ధిగా ఉన్నదాన్ని మైల అన్నారు. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. 'శుద్ధమైన నీరు' వేరు, 'ప్రాణానికి హాని లేని నీరు' వేరు. మొదటిది కులం భాష. ఇప్పుడు అదే ప్రకటనల భాష కూడా అయింది. రెండోదానికి నమ్మకం సరిపోదు, పరీక్ష కావాలి.

తెలుగువాళ్ళం కాబట్టి కారంచేడు కూడా గుర్తు చేసుకుందాం. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపారు. దానికి ముందురోజు గొడవ మొదలైంది మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర. గేదెల కుడితి బకెట్టు తాగే నీళ్ళలో కడుగుతుంటే ఒక మాదిగ కుర్రవాడు ఇదేమిటని అడిగాడు. వాడిని కొట్టబోతే నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. 'మా తాగునీళ్ళు పాడు చేయొద్దు' అనడమే అక్కడ నేరమైంది. నీళ్ళ కాలుష్యం మనకు సైన్సు క్లాసులో మొదలైన విషయం కాదు. దళిత మహాసభ పుట్టుకలోనే ఆ ప్రశ్న ఉంది.

ఇక కోల్‌కతాకు వద్దాం. 1884లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ఈ ఊరికి వచ్చి, బస్తీ జనం వాడుకునే చెరువు నీళ్ళలో కలరా క్రిమిని చూపించాడు. అంటే తాగే నీళ్ళే మనిషిని చంపుతున్నాయని ప్రపంచం నేర్చుకున్న ఊళ్ళలో ఇది ఒకటి. అంతకు ముందే, 1870 నాటికి, ఊరికి ఉత్తరాన బారక్‌పూర్ దగ్గర పల్తాలో హుగ్లీ నీళ్ళను ఇసుక పొరల్లో వడగట్టి గొట్టాల్లో పంపడం మొదలైంది. 1911లో టాలా ట్యాంకు వచ్చింది. ఇనుప స్తంభాల మీద నిలబెట్టిన ఆ ట్యాంకులో 90 లక్షల గ్యాలన్లు పడతాయి. ఈ రోజుకీ ఊళ్ళో పెద్ద భాగానికి నీళ్ళు ఆ దారినే వస్తున్నాయి. తర్వాత గార్డెన్ రీచ్‌లో, ధాపాలో కూడా ప్లాంట్లు కట్టారు.

గొట్టం నీళ్ళు కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడి అగ్రకుల ఇళ్ళకు ఒక పెద్ద సందేహం పట్టుకుంది. కుళాయిలో తోలు వాషరు ఉంటుంది. ఒకే గొట్టంలో నీళ్ళు అన్ని కులాల ఇళ్ళకూ పోతాయి. మరి తాగొచ్చా? నీటి పన్ను కడుతున్నాం కదా, అదే ప్రాయశ్చిత్తం అని పండితులు తేల్చారట. ఆనాటి రాతల్లో ఈ మాట కనిపిస్తుంది. నవ్వొచ్చే విషయమే. కానీ కలరా ఊళ్ళో స్వైరవిహారం చేస్తున్న రోజుల్లో కూడా నీళ్ళ గురించి వాళ్ళ భయం క్రిమి గురించి కాదు, తోలు గురించి.

కార్పొరేషన్ కూడా తక్కువ తినలేదు. దశాబ్దాల పాటు ఈ ఊళ్ళో రెండు రకాల నీళ్ళు పారాయి. వడగట్టినవి ఒక గొట్టంలో, వడగట్టని హుగ్లీ నీళ్ళు ఇంకో గొట్టంలో. రెండోవి వీధులు కడగడానికి, మరుగుదొడ్లకు అని లెక్క. కానీ వడగట్టిన నీళ్ళు చాలని బస్తీల్లో జనం ఏం చేస్తారు? అందినవి వాడుకుంటారు. కలరా ఇక్కడి నుంచి ఎందుకు పోవడం లేదో చూడమని 1959లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం ఈ వడగట్టని నీళ్ళ మీదే వేలు పెట్టింది.

మనలో టీటాగఢ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. మీ తాతముత్తాతలు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి జూట్ మిల్లుల్లో పనికి వచ్చారు. మీరున్న చోటు పల్తాకు పక్కనే. ఊరికంతటికీ నీళ్ళు మీ కళ్ళ ముందు నుంచే పోతాయి. కానీ మిల్లు లైన్లలో కుళాయి దగ్గర బిందెల వరస మాత్రం మూడు తరాలుగా అలాగే ఉంది. నీళ్ళు దగ్గరగా ఉండటం వేరు, అందడం వేరు. ఈ సంగతి మహద్‌లోనే తేలింది.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. మన కుళాయి నీళ్ళలో ఏముంది? దీనికి ఒకే జవాబు లేదు. మీ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. కోల్‌కతాలో ప్రధానంగా మూడు దారులు: హుగ్లీ నుంచి శుద్ధి చేసి పంపే కార్పొరేషన్ నీళ్ళు, నేల లోపలి నుంచి తోడే బోరు నీళ్ళు, బయట కొనే 20 లీటర్ల జార్లు.

మొదట నది నీళ్ళు. స్నానం చేసే నీళ్ళలో కూడా 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫాం 2,500 మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిమితి. దక్షిణేశ్వర్, గార్డెన్ రీచ్ దగ్గర హుగ్లీ లెక్కలు ఏళ్ళ తరబడి దాన్ని ఎన్నో రెట్లు దాటుతూనే ఉన్నాయి. అందుకే ప్లాంటులో పటిక వేసి మడ్డిని కిందికి దించి, ఇసుకలో వడగట్టి, క్లోరిన్ కలుపుతారు. ప్లాంటు సరిగా పనిచేసిన రోజున బయటికి వచ్చే నీళ్ళు తాగడానికి పనికొస్తాయి. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది.

ఇక్కడ నీళ్ళు రోజంతా రావు, వేళకు వస్తాయి. అందుకే వీధి కుళాయిని ఇక్కడివాళ్ళు 'టైమ్ కల్' అంటారు. నీళ్ళు ఆగినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. పాత గొట్టానికి పగులు ఉంటే, పక్కన మురుగు కాలువ ఉంటే, ఆ మురుగు లోపలికి పీల్చుకుంటుంది. ఇంకా ఎక్కువ నీళ్ళ కోసం ఎవరైనా మెయిన్ గొట్టానికి నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు మరింత పెరుగుతుంది. మోటారు ఉన్న ఇంటికి నీళ్ళు, లేని ఇంటికి మురుగు. తర్వాత అపార్టుమెంట్ల కింద సంపు, పైన ట్యాంకు. ఏడాదికి ఒకసారైనా కడగని ట్యాంకులు ఎన్ని లేవు? అందుకని నది నీళ్ళలో మన ప్రధాన శత్రువు క్రిమి. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు, కలరా. దాంతో పాటు వానాకాలంలో మడ్డి, పాత గొట్టాల తుప్పు.

ఆ మురుగు కాలువలో దిగేది ఎవరో కూడా చెప్పాలి కదా. 2025 ఫిబ్రవరి 2న ఇదే ఊళ్ళో బాంతలా లెదర్ కాంప్లెక్సులో ముగ్గురు కార్మికులు మ్యాన్‌హోల్‌లో చనిపోయారు. మనుషులను మురుగు కాలువల్లో దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. మన నీళ్ళు బాగుండాలంటే మురుగు గొట్టాలు బాగుండాలి. అవి బాగుండాలంటే యంత్రాలు కావాలి. చౌకగా దొరికే మన ప్రాణాలు దానికి బదులు కాదు.

రెండోది బోరు నీళ్ళు. ఇది వేరే కథ, ఇంకా భయపెట్టే కథ. 1970లు, 80లలో బెంగాల్‌లో లక్షల చేతి పంపులు వేశారు. చెరువు నీళ్ళు తాగి కలరాతో చావకూడదని మంచి ఉద్దేశంతోనే వేశారు. 1983లో కోల్‌కతా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మ వైద్యుడు డాక్టర్ కె.సి. సాహా దగ్గరికి పల్లెల నుంచి రోగులు వచ్చారు. ఒంటి మీద వాన చినుకుల్లాంటి మచ్చలు, అరచేతులు, అరికాళ్ళు గట్టిపడి బుడిపెలు. అది ఆర్సెనిక్ విషమని ఆయన గుర్తించారు. ఆ తర్వాత జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ దీపాంకర్ చక్రవర్తి తన జీవితమంతా ఊరూరా తిరిగి పంపుల నీళ్ళు పరీక్షించారు. 2018లో ఆయన చనిపోయారు.

ఈ ఆర్సెనిక్‌ను ఏ ఫ్యాక్టరీవాడో కలిపింది కాదు. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఇనుముకు అంటుకుని ఉంటుంది. నేల లోపల గాలి ఆడని చోట ఆ ఇనుము కరుగుతుంది, దాంతో పాటు ఆర్సెనిక్ నీళ్ళలోకి దిగుతుంది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఏళ్ళ తరబడి తాగాక చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయంలో క్యాన్సర్. తిండి సరిగా లేని ఒంటి మీద దెబ్బ ఇంకా ఎక్కువ. పల్లెల్లో ఈ మచ్చలను కుష్టు అనుకుని మనుషులను దూరం పెట్టారు, ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. నీళ్ళు ఇచ్చిన జబ్బుకు మళ్ళీ అంటరానితనమే శిక్ష.

ఇది పల్లెల సంగతే అనుకోకండి. కోల్‌కతా కార్పొరేషన్ 141 వార్డుల్లో 4,210 పంపుల నీళ్ళు పరీక్షించి దీపాంకర్ చక్రవర్తి బృందం 2017లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 14 శాతం పంపుల్లో లీటరుకు 10 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ ఆర్సెనిక్ ఉంది. ఆ 10 అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు, మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500లో ఉన్నదీ అదే. సుమారు 5 శాతం పంపుల్లో అది 50 కూడా దాటింది. దక్షిణాన జాదవ్‌పూర్, టాలీగంజ్ వైపు బోరు నీళ్ళు తాగేవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. మనలో చాలామంది అద్దెకు ఉండేది ఆ వైపే.

ఇప్పుడు ఫిల్టర్ల దగ్గరికి వద్దాం. పోయిన ఏడాది నేను అద్దెకున్న ఇంటికి ఒక కంపెనీ కుర్రవాడు వచ్చాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. చేతిలో పెన్నంత మీటరు. మా కుళాయి నీళ్ళలో పెడితే 210 అని చూపించింది. తన సీసాలో ఆర్‌ఓ నీళ్ళలో పెడితే 30. "చూశారా దీదీ, మీ నీళ్ళలో ఏడు రెట్లు మురికి" అన్నాడు. తర్వాత రెండు గ్లాసుల్లో ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. మా నీళ్ళు నిమిషంలో ఎర్రగా, నల్లగా బురదలా మారాయి. వాడి నీళ్ళు అలాగే ఉన్నాయి. పక్క వాటా ఆంటీ నోరు నొక్కుకుంది. వాడిని అనడానికి ఏమీ లేదు. వాడు కూడా టార్గెట్ల కింద నలిగే మన లాంటి ఇంటి పిల్లవాడే. కానీ ఆ ప్రదర్శన వెనక ఉన్న కిటుకు మనకు తెలియాలి.

ఆ మీటరు కొలిచేది టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న మొత్తం లవణాలు. నిజానికి అది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో చూసి ఒక అంకె చెప్తుంది. కాల్షియం, మెగ్నీషియం, మామూలు ఉప్పు, అన్నీ అందులోకే వస్తాయి. టీడీఎస్ 500 మిల్లీగ్రాముల దాకా మంచిదేనని ఐఎస్ 10500 చెప్తుంది. 210 అంటే మురికి కాదు, మంచి నీళ్ళే. ఆ గ్లాసులో రంగు కూడా నీళ్ళలోది కాదు, కరెంటుకు కరిగిన ఇనుప కడ్డీది. ఆర్‌ఓ నీళ్ళలో లవణాలు లేవు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. చిటికెడు ఉప్పు వేస్తే ఆర్‌ఓ నీళ్ళూ అలాగే మారతాయి. మీ ఇంటికి వస్తే వేసి చూడండి.

ఇంకా ముఖ్యమైన విషయం. మీటరు ఏం చూపించదో చూడండి. 210 మిల్లీగ్రాములంటే 2,10,000 మైక్రోగ్రాములు. అందులో 50 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ కలిసినా మీటరు 210 అనే చూపిస్తుంది, ఎందుకంటే ఆ తేడా 0.05 మాత్రమే. కలరా క్రిమికి అసలు లెక్కే లేదు. మురుగు చుక్క కలిసిన నీళ్ళూ, మంచి నీళ్ళూ ఆ మీటరుకు ఒకటే. అంటే మనల్ని చంపే రెండింటినీ అది చూడదు. మనకు అక్కరకొచ్చే లవణాలను చూపించి భయపెడుతుంది. చౌదార్ చెరువు పండితుల పనే ఇది. అసలు మురికి ఎక్కడుందో చూడకుండా మైల ఇక్కడుందని వేలు చూపించడం.

తెలుగు నేల నుంచి వచ్చినవాళ్ళకు ఆర్‌ఓ మీద నమ్మకం ఎందుకు ఎక్కువో నాకు తెలుసు. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ గోస మనందరికీ తెలిసిందే. ఎముకలు వంగిపోయిన మనుషులను చూసి పెరిగాం. అక్కడ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది, ఉప్పదనం ఉంది. ఆర్‌ఓకు అక్కడ పని ఉంది. కానీ అక్కడి మందు ఇక్కడి జబ్బుకు వేస్తే ఎలా? హుగ్లీ నుంచి వచ్చే కుళాయి నీళ్ళ టీడీఎస్ మామూలుగా 500 లోపే ఉంటుంది. ఆ నీళ్ళకు ఆర్‌ఓ దండగ. టీడీఎస్ 500 కంటే తక్కువ ఉన్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించింది.

దండగ ఎంతో లెక్క వేద్దాం. చాలా ఇళ్ళలో ఆర్‌ఓ ఒక లీటరు ఇచ్చి సుమారు మూడు లీటర్లు బయటికి పారబోస్తుంది. ఇంటికి రోజుకు 15 లీటర్లు వాడుకుంటే 45 లీటర్లు మోరీలోకి. ఏడాదికి 16 వేల లీటర్ల పైమాట. వీధి కుళాయి దగ్గర మూడు బకెట్ల కోసం తెల్లవారుజామున నిలబడే అక్కకు ఆ 45 లీటర్లు ఎంతో ఆలోచించండి.

మరి ఏం కొనాలి? ఎక్కువ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ముందు మీ నీళ్ళ దారి ఏదో తెలుసుకోండి. ఇంటి ఓనరునో, కేర్‌టేకరునో సూటిగా అడగండి: ఇవి కార్పొరేషన్ నీళ్ళా, బోరువా, రెండూ ఒకే సంపులో కలుపుతున్నారా?

కార్పొరేషన్ నీళ్ళయితే మీ పోరు క్రిమితో. అన్నిటికంటే చౌక, నమ్మదగిన పని మరిగించడం. తెర్లిన తర్వాత ఒక నిమిషం తెర్లనిచ్చి దించండి. నీళ్ళు మడ్డిగా ఉంటే ముందు గుడ్డలో వడగట్టండి. గ్యాసు ఖర్చు భారమైతే క్లోరిన్ బిళ్ళలు, ప్యాకెట్టు మీద చెప్పినంతే వేసి, అరగంట ఆగి తాగాలి. ఫిల్టరే కొనాలంటే యూఎఫ్ అనే సన్నని గొట్టాల జల్లెడ ఉన్నది చాలు. కరెంటు లేకుండా నడిచేవి కూడా దొరుకుతాయి. బ్యాక్టీరియాను ఆపుతుంది కానీ వైరస్‌లన్నిటినీ ఆపదు. ఇంట్లో పసిపిల్లలు, వయసుపైబడినవాళ్ళు ఉంటే యూఎఫ్‌తో పాటు యూవీ దీపం ఉన్నది తీసుకోండి. యూవీ తేట నీళ్ళలోనే పనిచేస్తుంది. మడ్డి ఉంటే క్రిమి ఆ మడ్డి చాటున దాక్కుంటుంది. కార్బన్ పొర క్లోరిన్ వాసనను, కొన్ని రసాయనాలను తీస్తుంది. క్రిములను చంపదు. మార్చకుండా వదిలేస్తే దాని మీదే క్రిములు కాపురం పెడతాయి. క్యాండిల్ ఫిల్టరు ఉన్నవాళ్ళు పారేయకండి. క్యాండిల్‌ను వారం వారం రుద్ది కడిగి, వడగట్టిన నీళ్ళను మరిగించుకుంటే చాలు.

బోరు నీళ్ళయితే ఫిల్టరు కొనే ముందు పరీక్ష. ఇది మాత్రం ఖచ్చితం. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో ఆర్సెనిక్, ఇనుము, టీడీఎస్, కోలిఫాం చూడమని అడగండి. ఆర్సెనిక్ 10 దాటితే ఆ నీళ్ళు తాగకండి, అన్నం వండకండి. స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మరిగిస్తే ఆర్సెనిక్ పోదు. నీళ్ళు ఆవిరై మిగిలినదానిలో ఇంకా చిక్కబడుతుంది. యూవీ, యూఎఫ్, క్యాండిల్ ఏవీ దాన్ని ఆపవు. ఫిల్టరు ఉంది కదా అన్న ధైర్యంతో పదేళ్ళు విషం తాగేవాళ్ళు ఇలాంటి ఇళ్ళలోనే ఉంటారు.

మొదటి మందు వేరే నీళ్ళు: కార్పొరేషన్ కుళాయి నుంచి తాగడానికి, వంటకు సరిపడా పట్టి తెచ్చుకోవడం. అది కుదరకపోతే అప్పుడు ఆర్‌ఓ, లేదా ఆర్సెనిక్‌ను పట్టే ప్రత్యేక ఫిల్టరు. ఆర్‌ఓ కూడా ఆర్సెనిక్‌లో ఒక రూపాన్ని బాగా ఆపుతుంది, ఇంకో రూపాన్ని తక్కువగా ఆపుతుంది. అందుకే బిగించాక ఫిల్టరు నుంచి వచ్చిన నీళ్ళను మళ్ళీ పరీక్ష చేయించండి, ఆరు నెలలకు ఒకసారి చేయిస్తూ ఉండండి. కొనేటప్పుడు ఐఎస్ 16240 గుర్తు ఉందో లేదో చూడండి. ఆర్సెనిక్ ఎంత తగ్గిస్తుందో రాసిచ్చిన కాగితం అడగండి. సేల్స్‌మన్ నోటి మాటకు విలువ లేదు. ఆర్‌ఓ పారబోసే నీళ్ళలో ఆర్సెనిక్ చిక్కబడి ఉంటుంది, ఆకుకూర మడికి పోయకండి.

మూడోది జార్ నీళ్ళు. సీలు ఉంది కదా అని నమ్మడానికి లేదు. 2018 ఫిబ్రవరిలో బాఘాజతిన్, పాటులి, జాదవ్‌పూర్ చుట్టుపక్కల జనం విరేచనాలతో పడిపోయినప్పుడు కార్పొరేషన్ పరీక్షించిన జార్ నీళ్ళలో కూడా కోలిఫాం బయటపడింది. లైసెన్సు నంబరు లేని జారు అంటే ఎక్కడి బోరు నీళ్ళో తెలియని నీళ్ళు, డబ్బిచ్చి కొన్న బోరు నీళ్ళు.

ఇంతవరకూ ఇంటి లోపలి మాట. ఇక్కడితో ఆపితే నేను కూడా ఆ కంపెనీ కుర్రవాడి పనే చేసినట్టు. మన తరంలో మొదటిసారి నెల జీతం చూసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. పిల్లలకు మంచి నీళ్ళు పట్టాలని ఫిల్టరు కొనుక్కోవడం తప్పు కాదు, కొనండి. కానీ ఫిల్టరు బిగించిన రోజు నుంచి కుళాయి నీళ్ళ గురించి అడగడం మానేస్తాం. డబ్బున్న ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా అడగడం మానేస్తే కుళాయి దగ్గర మిగిలేది ఎవరు? బస్తీలో ఉన్న మనవాళ్ళే. వాళ్ళు అడిగితే వినేవాళ్ళు తక్కువ. బాబాసాహెబ్ మహద్‌లో మాకో వేరే చెరువు తవ్వించండి అనలేదు. అందరి చెరువు మాదీ అన్నారు. నీళ్ళు లేక కాదు, మనిషిగా సమానత్వం కోసమని ఆయన స్పష్టంగా చెప్పారు.

ఆయనను 1946లో రాజ్యాంగ సభకు పంపింది ఈ బెంగాలే. జోగేంద్రనాథ్ మండల్, ఇక్కడి నామశూద్ర నాయకులు ఆయన వెనక నిలబడ్డారు. ఆ రాజ్యాంగంలో 15వ అధికరణలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరు పెట్టి రాశారు. ప్రభుత్వ డబ్బుతో నడిచే నీటి వనరు ఎవరికీ మూసేయకూడదు. ఈ రోజు మన ముఖం మీద ఎవరూ కుళాయి మూయడం లేదు. కానీ ఒక వార్డుకు శుద్ధి చేసిన నది నీళ్ళు, ఇంకో బస్తీకి పరీక్ష చేయని చేతి పంపు అంటే ఆ రెండు గొట్టాల కోల్‌కతా ఇంకా పోలేదనే అర్థం.

పరికరాలు ఇచ్చి వెళ్ళిపోతే కూడా చాలదు. ఈ రాష్ట్రంలో పంపులకు బిగించిన ఆర్సెనిక్ తొలగింపు యంత్రాలు చూసేవాళ్ళు లేక ఎలా పనికిరాకుండా పోయాయో జాదవ్‌పూర్ పరిశోధకులే 2005లో రాశారు. అందుకని మన కోరికలు మూడే, కానీ గట్టివి. ఒకటి, ప్రతి వార్డులో ప్రభుత్వ చేతి పంపులన్నీ ఏటా పరీక్షించి ఫలితం పంపు మీదే రాయాలి, బెంగాలీ, హిందీ, ఉర్దూ, తెలుగులో. రెండు, వీధి కుళాయి చివర, అంటే బిందె పెట్టే చోట, క్లోరిన్ ఎంత మిగిలిందో కొలవాలి. కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని ప్రమాణం చెప్తుంది. ప్లాంటు గేటు దగ్గర లెక్క మాకొద్దు. మూడు, ఆర్సెనిక్ తేలిన బస్తీకి ముందు నది నీళ్ళ గొట్టం రావాలి, ఆ తర్వాతే కొత్త అపార్టుమెంట్లకు.

అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. బయట బల్ల మీద కడిగి ఆరబెట్టిన సీసాలు, ఒక రిజిస్టరు ఉన్నాయి. బోరు నీళ్ళు తాగే ప్రతి ఇంటివాళ్ళూ ఒక సీసా తీసుకెళ్ళండి. పంపును రెండు నిమిషాలు కొట్టి వదిలి, తర్వాత నింపండి. వార్డు నంబరు, బోరు లోతు తెలిస్తే అది, ఎన్ని ఇళ్ళవాళ్ళు తాగుతారో రాయండి. ఇక్కడ చదువుకుంటున్న విద్యార్థులం ఆ సీసాలు ల్యాబుకు చేరుస్తాం, చందా వేసుకుని ఖర్చు భరిస్తాం, ఫలితం మీ ఇంటికి తెచ్చి మీ భాషలో చదివి చెప్తాం. ఆ కాగితాలన్నీ కలిపి ఏప్రిల్ 14 లోపు కౌన్సిలర్ల దగ్గరికి అందరం కలిసి వెళ్దాం. టీటాగఢ్ వాళ్ళు మీ మునిసిపాలిటీకి వేరుగా ఒక పట్టిక చేయండి, అక్కడికీ మేం వస్తాం.

సీసాలు 60 ఉన్నాయి. ఒక్కటి కూడా బల్ల మీద మిగలకూడదు.

జై భీమ్.